అరకు సొరంగాలు, జపాన్ కొండలు

విశాఖపట్నంలోని ఒక గ్రంథాలయంలో ఉపాధ్యాయులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు, పిల్లలు వెనక సర్దుకున్నారు. ఈ సాయంత్రానికి మాత్రం పిల్లలు ముందుకు రావాలి. నేను చెప్పబోయేది ముందు కంటితో చూడాలి, తర్వాత వినాలి. రండి, ఈ బల్ల చుట్టూ నిలబడండి. పెద్దలు ఏమీ అనుకోరు.

ఇది ఒక రాయి. పిడికిట్లో పట్టేంత ఉంది. చెయ్యి చాచమ్మా, పట్టుకో. బరువుగా ఉంది కదా? ఇంతే పరిమాణం ఉన్న కంకరరాయి కన్నా ఇది దాదాపు రెట్టింపు బరువు. రంగు చూస్తే నలుపు, అక్కడక్కడ ఉక్కులా మెరుపు. ఇప్పుడు ఈ టైలును తిరగేస్తున్నాను. పైవైపు నున్నగా ఉంటుంది, వెనకవైపు గరుకు. ఆ గరుకు మీద ఈ రాయితో ఒక గీత గీస్తాను. చూశారా, నల్లరాయి ఎర్రగీత గీసింది! ఎండిన నెత్తురు రంగు. హెమటైట్ అనే ఇనుప ఖనిజాన్ని గుర్తుపట్టే పద్ధతి ఇదే. ఆ పేరుకు మూలమైన గ్రీకు మాటకు అర్థం కూడా నెత్తురే.

ఈ రకం ఖనిజం మన ఊరికి బైలడిలా నుంచి వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో, దంతెవాడకు దగ్గరలో ఉన్న కొండల వరస అది. బైలడిలా అంటే ఎద్దు మూపురం. దూరం నుంచి ఆ కొండల నడుము చూస్తే ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారనిపిస్తుంది. అక్కడి కిరండూల్ నుంచి జగ్దల్‌పూర్, కోరాపుట్, అరకు మీదుగా కొత్తవలస దాకా ఒక రైలుమార్గం ఉంది. మీలో చాలామంది ఆ బండి ఎక్కి అరకు వెళ్ళి ఉంటారు. బొడ్డవర దాటగానే బండి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె అంతా చీకటై, పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు వేస్తారు. ఆ దారిలో 58 సొరంగాలు. శిమిలిగుడ దగ్గరికి వచ్చేసరికి సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తులో ఉంటాం. 1960లలో అంత ఎత్తుకు బ్రాడ్‌గేజి పట్టాలు తీసుకుపోవడం మన దేశంలో మాటలు కాదు.

ఇక నా ప్రశ్న. ఆ సొరంగాలను ఎవరు తవ్వించారు?

రైల్వే వాళ్ళు అంటారు. నిజమే. వేల మంది కూలీలు చెమటోడ్చారు. అదీ నిజమే. కానీ భూగోళం చెప్పే మాస్టారుగా నా జవాబు వేరు. ఆ సొరంగాలను జపాన్ కొండలు తవ్వించాయి. ఈ సాయంత్రం ఆ ఒక్క మాటను మీకు నిరూపించి చూపాలనే వచ్చాను.

జపాన్ మొత్తం వైశాల్యం దాదాపు 3.78 లక్షల చదరపు కిలోమీటర్లు. ఒకప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2.75 లక్షలు. అంటే మన పాత రాష్ట్రం కన్నా మూడో వంతుకు పైగా పెద్దది, అంతే. జనం మాత్రం పన్నెండు కోట్లు దాటి ఉన్నారు. అందులోనూ నేలలో నాలుగింట మూడు వంతులు కొండలే. మూడింట రెండు వంతులు అడవి. దున్నుకోవడానికి పనికొచ్చే భూమి ఎనిమిదో వంతు కూడా ఉండదు. ఇల్లు కట్టాలన్నా, వరి నాటాలన్నా, ఫ్యాక్టరీ పెట్టాలన్నా, రైలు వేయాలన్నా అందరూ ఆ కాస్త చదును కోసమే పోటీ పడాలి.

వాళ్ళకున్న మైదానాల్లో అన్నిటికన్నా పెద్దది కాంటో. సుమారు 17 వేల చదరపు కిలోమీటర్లు. మన పాత విశాఖ జిల్లా 11 వేల పైచిలుకు. అంటే వాళ్ళ అతిపెద్ద మైదానం మన పాత జిల్లాకు ఒకటిన్నర రెట్లు. 2011 లెక్కల్లో మన పాత జిల్లా జనాభా 43 లక్షలకు కాస్త తక్కువ. కాంటో మైదానంలో టోక్యో, దాన్ని ఆనుకున్న పట్టణాలు కలిపితేనే మూడున్నర కోట్ల మంది పైన ఉంటారు. ఇంత కిక్కిరిసి బతకడం వాళ్ళకేదో ముచ్చటై కాదు. వెనక్కి జరిగితే కొండ, ముందుకు జరిగితే సముద్రం.

ఆ చదునైనా సిద్ధంగా దొరికింది కాదు. 1590లో తొకుగావా ఇయెయాసు అనే ప్రభువు అక్కడికి చేరేనాటికి టోక్యోను ఎదో అనేవారు. చుట్టూ బురదనేలలు, వరద కాలువలు. టోనె అనే పెద్ద నది టోక్యో అఖాతంలోకి వచ్చి పడేది. పదిహేడో శతాబ్దంలో దశాబ్దాల పాటు మట్టి తవ్వి, గట్లు పోసి, ఆ నదినే తూర్పుకు మళ్ళించారు. ఆ తర్వాతనే ఆ మైదానం వరికీ, ఊళ్ళకూ వాటంగా వచ్చింది. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. మన ఊరి కథలోనూ ఒక బురదనేల వస్తుంది.

నదుల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. జపాన్‌లో అన్నిటికన్నా పొడవైన నది షినానో, 367 కిలోమీటర్లు. మన గోదావరి 1,465. షినానో పుట్టి సముద్రంలో కలిసే దూరానికి గోదావరి మహారాష్ట్ర కూడా దాటదు! నది పొట్టిదైతే, కొండ ఎత్తైతే, నీళ్ళు పరుగెత్తుతాయి. అంత దూకుడుగా వచ్చే నీటిలో లోతట్టు దాకా పడవలు నడపడం కష్టం. అందుకే సరకు రవాణాకు జపానీయులు తరతరాలుగా సముద్రాన్నే రోడ్డుగా వాడుకున్నారు. తీరం వెంబడి ఊరి నుంచి ఊరికి ఓడల్లో బియ్యం పోయేది, ఎండుచేపలు పోయేవి.

ఇది వింటుంటే మన ఉత్తరాంధ్ర వాళ్ళకు నాగావళి, వంశధార గుర్తుకు రావాలి. ఆ రెండూ మూడు వందల కిలోమీటర్లు దాటవు. తూర్పు కనుమల్లో పుట్టి, గబగబా దిగి, సముద్రంలో పడిపోతాయి. వాటి కన్నా చిన్న గెడ్డలైతే వాన పడిన పూట పొంగి, మరునాటికి ఇసుక తేలి కనిపిస్తాయి. మరి ఇద్దరి నదులూ పొట్టివే అయినప్పుడు, వాళ్ళ లోయల్లో వరి నిలబడి, మన శ్రీకాకుళం మెట్టపొలాలు ఆకాశం వైపు ఎందుకు చూస్తున్నాయి?

తేడా ఆకాశంలో ఉంది. చలికాలంలో సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీద తేమ తాగి, పడమటి తీరపు కొండలకు గుద్దుకుంటుంది. నీగాతా లాంటి చోట్ల మనిషి ఎత్తు మంచు పడుతుంది. ఇల్లు దాటి బయటికి రావడమే గండం. కానీ ఆ మంచు కొండ మీద నెలల తరబడి నిలవ ఉండి, వసంతంలో, సరిగ్గా నాట్లకు ముందు, కరిగి మళ్ళలోకి దిగుతుంది. ప్రకృతి కట్టి ఇచ్చిన జలాశయం అది. మనకు వాన నాలుగైదు నెలల్లో వచ్చి పోతుంది, నిలవ పెట్టే మంచు లేదు. మన దగ్గర ఆ పని చెరువు చెయ్యాలి, ఆనకట్ట చెయ్యాలి. చెయ్యని చోట జనం కదిలిపోయారు. మన తాతల కాలంలో ‘రంగం పోయాడు’ అనేవారు, అంటే రంగూన్‌కు వలస పోయాడని. కోరంగి రేవులో ఓడ ఎక్కి పోయేవాళ్ళు కాబట్టి బర్మాలో తెలుగువాళ్ళకు ఆ రేవు పేరే పడింది. ఇంకోచోట గోదావరి చూడండి. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు కరవుతో అల్లాడిన ఆ జిల్లాయే అన్నపూర్ణ అయింది. నది మారలేదు, వాలు మారలేదు. నేల మనిషిని శాసించదని నేను పిల్లలకు ఎప్పుడూ చెబుతాను. నేల ధర చెబుతుంది. ఆ ధర కట్టేవాళ్ళు ఉన్నారా, ఎవరు కడుతున్నారు అన్నది మనుషుల మధ్య తేలే విషయం.

సరే, జపాన్‌కు వద్దాం. తూర్పు వైపు, పసిఫిక్ తీరాన, శీతాకాలంలో ఎండ కాస్తుంది, పెద్ద అఖాతాలు ఉన్నాయి, మైదానాలూ అటే. టోక్యో, నగోయా, ఒసాకా, అక్కడి నుంచి దీవుల మధ్య ఉన్న లోపలి సముద్రం వెంట కితాక్యూషు దాకా, ఊళ్ళన్నీ దారానికి గుచ్చిన పూసల్లా ఒకే వరసలో వచ్చాయి. జనం ఒక గీత మీద ఉంటే వాళ్ళందరికీ ఒకే రైలు చాలు. 1964లో టోక్యో నుంచి ఒసాకాకు 515 కిలోమీటర్ల మీద బుల్లెట్ రైలు నడిచిందంటే, ఆ రైలుకు కావలసినంత మంది ప్రయాణికులను అక్కడి కొండలు ముందే ఒక వరసలో నిలబెట్టి ఉంచాయి. మన దగ్గరా చూడండి, హౌరా-చెన్నై రైలు మార్గం, జాతీయ రహదారి, శ్రీకాకుళం నుంచి తుని దాకా ఊళ్ళు, అన్నీ కనుమలకూ సముద్రానికీ మధ్య ఉన్న ఆ సన్నటి పట్టీలోనే పోతాయి.

ఇప్పుడు ఇనుము. ఈ భాగం కాస్త నెమ్మదిగా వినండి.

1901లో జపాన్ ప్రభుత్వం యవాతా దగ్గర ఉక్కు కర్మాగారం తెరిచింది. క్యూషు దీవిలో బొగ్గు ఉంది, అందుకని బొగ్గు పక్కనే పెట్టారు. ఖనిజం చైనా నుంచి తెప్పించుకున్నారు. అప్పటి లెక్క అది, బొగ్గు ఉన్నచోట కొలిమి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ లెక్క తలకిందులైంది. దేశంలో చిన్నచిన్న గనులు తప్ప ఇనుము లేదు, మంచి కోక్ బొగ్గు చాలదు, చమురు లేదు. అన్నీ బయటినుంచి రావలసినప్పుడు కర్మాగారం ఎక్కడ పెట్టాలి? ఓడ ఆగేచోట. చదునైన నేల లేదు కాబట్టి అఖాతంలో మట్టి పోసి నేలను పుట్టించారు. 1950లలో టోక్యో అఖాతం ఒడ్డున చిబాలో అలా పుట్టించిన నేల మీదే కొత్త కొలిమి లేచింది. ఓడ నుంచి దిగిన ఖనిజం అడుగు దూరంలో కొలిమిలోకి, కొలిమి నుంచి వచ్చిన ఉక్కు మళ్ళీ అడుగు దూరంలో ఓడలోకి. టన్ను సరకు మోయడానికి నీటి దారి కన్నా చవకైనది లేదు. మన కంటికి లేమిగా కనిపించేదాన్ని వాళ్ళు వీలుగా మార్చుకున్నారు. ఖనిజం సొంతంగా లేదు కనుక ప్రపంచంలో ఎక్కడ మంచిది దొరికితే అక్కడ కొనుక్కున్నారు.

ఎక్కడ దొరికింది? ఇదిగో, ఈ పాప చేతిలో ఉంది.

1960లో భారత ప్రభుత్వానికీ జపాన్ ఉక్కు కంపెనీలకూ ఒప్పందం కుదిరింది. బైలడిలా నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఖనిజం. కానీ గని ఒక చోట, సముద్రం ఒక చోట, మధ్యలో తూర్పు కనుమలు. రైలుమార్గం కావాలి, పెద్ద ఓడలు పట్టే రేవు కావాలి. జపాన్ సాయంతో యంత్రాలు వచ్చాయి. 1960లు ముగిసేలోగా ఖనిజం మన రేవుకు దిగడం మొదలైంది. నేను అన్న మాటకు రుజువు ఇదే. ఒక దేశంలో చదునైన నేల లేకపోవడం, ఇనుము లేకపోవడం, ఆరేడు వేల కిలోమీటర్ల అవతల బొర్రా గుహల పక్క కొండకు చిల్లు పెట్టింది.

అయితే విశాఖకే ఎందుకు? కలకత్తా నుంచి చెన్నై దాకా ఉన్న తీరం పటంలో చూడండి. మహానది, గోదావరి, కృష్ణ మట్టి తెచ్చి పోస్తూనే ఉంటాయి. తీరమంతా ఇసుక, మెరక, లోతు తక్కువ. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 ఉప్పెన దాన్ని తుడిచిపెట్టింది, మిగిలినదాన్ని గోదావరి ఒండ్రు పూడ్చింది. బందరును 1864 ఉప్పెన ముంచితే సుమారు ముప్పై వేల మంది పోయారు. భీమిలిలో డచ్చివాళ్ళు వర్తకం చేశారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ అక్కడ ఓడ నడిసముద్రంలో ఆగాలి, పడవల్లో సరకు చేరవెయ్యాలి. ఓడలు పెద్దవయ్యాక ఆ పద్ధతి చెల్లలేదు.

మన ఊళ్ళో మాత్రం కొండ నేరుగా సముద్రంలోకి దిగింది. డాల్ఫిన్ నోస్. తూర్పు కనుమల రాయికి ఖొండు గిరిజనుల పేరు మీద ఖొండలైట్ అని పేరు. ఆ రాతి కొండ ముక్కు చాచి దక్షిణం నుంచి వచ్చే అలలకు అడ్డం నిలబడింది. దాని చాటున ఉప్పుటేరు, బురదనేల. మేఘాద్రి గెడ్డ నీళ్ళు అందులోకే వచ్చేవి. ఎదురుగా మూడు చిన్న కొండలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. ఆ కొండలకూ ఈ ముక్కుకూ మధ్య సన్నని దారి. ఆ బురదను తవ్వి లోపలి రేవు చేశారు. నోటి దగ్గర అలలు ఆపడానికి రెండు పాత ఓడలను తెచ్చి, అక్కడే ముంచి, రాళ్ళు నింపి అడ్డుకట్ట వేశారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. అప్పుడు మధ్య పరగణాల, అంటే బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్ మాంగనీసు కోసం కట్టిన రేవు అది. రాయపూర్ నుంచి విజయనగరం రైలు దారి పూర్తయింది కూడా అంతకు కొద్దిగా ముందే, 1931లో. జపాన్ ఖనిజం వ్యాపారం పెరిగాక లోపలి రేవు ఇరుకైంది, 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది.

ఆ కట్టలు వేశాక ఇంకో ధర బయటపడింది. మన తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం ఉత్తరంగా కదులుతుంది. రేవు కట్టలు దాన్ని దక్షిణాన ఆపేస్తాయి. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు రావలసిన ఇసుక రాదు, కెరటం మాత్రం వస్తుంది. తీరం కోసుకుపోతుంది. అందుకే డ్రెడ్జర్ ఆ ఇసుకను తోడి, బీచ్ వైపు తెచ్చి పోస్తుంది. మీరు బీచ్‌లో సాయంత్రం కూర్చుని గూళ్ళు కట్టే ఇసుకలో కొంత అలా యంత్రం మోసుకొచ్చినదే. ఈ పని ఒకసారి చేసి వదిలేసేది కాదు.

జపాన్‌కు కూడా తన తీరం ధర చెప్పింది. ఈశాన్యాన సాన్రికు తీరం ఉంది. పూర్వపు నదీలోయలు సముద్రంలో మునగడంతో ఏర్పడిన సన్నటి అఖాతాలు. చలి ప్రవాహం, వెచ్చని ప్రవాహం కలిసేచోటు కాబట్టి చేపలు పుష్కలం. పడవకు అంతకన్నా మంచి ఆశ్రయం ఉండదు. కానీ సముద్రం కింద నేల కదిలితే, వెడల్పు నోటిలోంచి వచ్చిన నీరు సన్నటి కొసలోకి ఇరుక్కుని పైకి లేస్తుంది. సునామీ అనే జపాన్ మాటకు అర్థం రేవు కెరటం. మన రేవు తెరిచిన 1933లోనే, మార్చి 3న, ఆ తీరంలో సుమారు మూడు వేల మంది పోయారు. ఆ తర్వాత అనెయోషి అనే చిన్న ఊరివాళ్ళు కొండవాలు మీద ఒక రాయి పాతారు. ఈ రాయికి కింద ఇళ్ళు కట్టవద్దని దాని మీద చెక్కించారు. ఊరు పైకి జరిగింది. 2011 మార్చి 11న అక్కడ నీరు నలభై మీటర్లకు దగ్గరగా ఎక్కింది, ఆ రాయి కిందే ఆగింది. రాయికి పైన ఉన్న ఇళ్ళు నిలిచాయి. అంత మాట చెప్పే రాయి ఒకటి మన తీరంలోనూ పాతి ఉంటే బాగుండునని నాకు 2014 అక్టోబరులో, హుద్‌హుద్ తుపాను మరునాటి ఉదయం, కొండవాలు ఇళ్ళ రేకులు రోడ్ల మీద పడి ఉండగా చూసినప్పుడు అనిపించింది.

ఇంకొక ధర గురించి కూడా చెప్పాలి. బైలడిలా పాదాన దంతెవాడ దగ్గర శంఖిని, డంకిని అనే రెండు ఏర్లు కలుస్తాయి. ఖనిజపు పొడి కలిసి శంఖిని నీళ్ళు ఎర్రబడ్డాయని ఆ ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి మొర పెట్టుకుంటున్నారు. ఇందాక టైలు మీద నేను గీసిన గీత రంగే అది. ఆ నీళ్ళు తాగే మనిషి బుల్లెట్ రైలు ఎక్కలేదు, మన రేవూ చూడలేదు. పటంలో ఒక దేశానికి గీసిన గీత దగ్గర దాని భూగోళం ఆగిపోదు. దాని కొరతలు ఇంకొక దేశపు కొండల్లోకి, ఏర్లలోకి వస్తాయి. మన పాఠాల్లో ఈ వాక్యం లేదని నాకు బాధ.

ప్రశ్నలకు సమయం ఇస్తానన్నాను. అడుగమ్మా, భయపడకు.

“జపాన్ ఇప్పటికీ మన ఇనుమే కొంటోందా మాస్టారూ?”

మంచి ప్రశ్న. ఇప్పుడు వాళ్ళకు ఎక్కువగా ఆస్ట్రేలియా, బ్రెజిల్ నుంచి వస్తుంది. బైలడిలా ఖనిజంలో చాలా భాగం మన దేశంలోనే కరుగుతోంది, మన విశాఖ ఉక్కు కర్మాగారానికీ అక్కడినుంచే వచ్చింది. అది కూడా ఓడ ఆగేచోట కట్టిన కర్మాగారమే, జపాన్ లెక్క ప్రకారం కట్టినదే. బయటి బొగ్గు సముద్రం మీదుగా, ఖనిజం కొండ మీదుగా. కానీ అది ఇక్కడికి దానంతట అది రాలేదు. 1966లో ఆంధ్ర అంతటా జనం వీధుల్లోకి వస్తే, ముప్పై రెండు మంది ప్రాణాలు పోతే వచ్చింది. సముద్రం, కొండ ఇక్కడే ఉన్నా, అవి అడగవు కదా. మనుషులు అడిగారు.

మళ్ళీ అరకు వెళ్ళేటప్పుడు సొరంగాల్లో కేకలు వెయ్యండి, నేను వద్దనను. శిమిలిగుడ దగ్గర బండి ఆగితే మాత్రం కిటికీలోంచి పక్క పట్టాల మీదికి చూడండి. నిండు వ్యాగన్లు కిందికి దిగుతూ ఉంటాయి, ఖాళీవి పైకి వెళ్తూ ఉంటాయి. కంకర మీద, స్లీపర్ల మీద ఎర్రటి పొడి కనిపిస్తుంది. రాయి ఇటు ఇవ్వమ్మా. చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ ఎరుపు ఒక పట్టాన వదలదు.